అల్ హైల్ పాత విల్లాలో మన పాత సామాను: ఏది తేవాలి, ఎక్కడ పెట్టాలి

సీబ్ విలాయత్‌లోని అల్ హైల్‌లో ఇల్లు అద్దెకు వెతికే తెలుగు కుటుంబాలకు మామూలుగా రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి కొత్త అపార్ట్‌మెంట్‌లో రెండు పడకగదుల ఫ్లాట్. రెండోది ఇరవై, ముప్పై ఏళ్ల కిందట కట్టిన విల్లా, లేదా అందులో ఒక అంతస్తు. పిల్లలున్నవాళ్లు, ఊరి నుంచి అత్తమామలో అమ్మానాన్నలో వచ్చి కొన్నాళ్లు ఉండివెళ్లే ఇళ్లవాళ్లు రెండోదాని వైపే మొగ్గుతారు. గదులు పెద్దవి, పైకప్పు ఎత్తు, ప్రహరీ లోపల నాలుగు మొక్కలు వేసుకునే జాగా ఉంటుంది. చిక్కు సామాను దగ్గర వస్తుంది. ఫ్లాట్‌కని కొన్న సోఫా సెట్టు ఆ హాల్లో వేస్తే, పెళ్లివారు వెళ్లిపోయాక పందిట్లో మిగిలిన రెండు కుర్చీల్లా ఉంటుంది.

సరిగ్గా ఇదే వయసులో మనకు ఇంకో ఫోన్ కూడా వస్తుంది. ఊళ్లో పెంకుటిల్లు బిల్డర్‌కి ఇచ్చేస్తున్నాం, అటక మీది సామాను, పందిరి మంచం, భోషాణం ఏం చేయమంటారు, వారంలో చెప్పండి అని. చెప్పకపోతే పాత సామాను కొనేవాళ్లు చెక్క రేటుకు పట్టుకుపోతారు. ఆ వారం రోజుల్లో నిర్ణయం తీసుకోవలసిన వాళ్లకు పనికొస్తాయని ఇక్కడి ఇల్లు, ఇక్కడి గాలి, మన చెక్క గురించి తెలిసిన సంగతులు ఒకచోట రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: రోజూ చేతికి తగిలే మూడు నాలుగు పాత వస్తువులు చాలు. మిగతావన్నీ తేలికైనవి, కొత్తవి, కదపడానికి వీలైనవి ఉండాలి. ఊళ్లో ఇంటిని మొత్తంగా ఇక్కడ కట్టాలని చూస్తే అది మ్యూజియం అవుతుంది, తుడవడానికే మనిషి కావాలి.

ముందు ఇంటిని చూడండి

ఇక్కడి పాత విల్లాల్లో చాలావాటికి వీధి వైపు మజ్లిస్ అని ఒక గది, దానికి విడిగా ఒక తలుపు ఉంటుంది. వచ్చిన మగవాళ్లు ఇంట్లోవాళ్ల ఏకాంతానికి అడ్డం రాకుండా అక్కడే కూర్చుని వెళ్లడానికి చేసిన ఏర్పాటు. గోదావరి జిల్లాల మండువా లోగిలిలో వీధి అరుగు, చావడి చేసిన పని కూడా అదే. కాబట్టి మన పాత వస్తువులు ఈ ఇంట్లో పరాయివి కావు. మజ్లిస్‌లో గోడవారన నేలమీద పరుపులు, దిండ్లు వేసే పద్ధతిని అలాగే ఉంచి, పైన వరంగల్ జంపఖానా పరిచి చూడండి. వరలక్ష్మీవ్రతం పేరంటానికి ఇరవైమంది హాయిగా కూర్చుంటారు. అయితే మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసం నేలనుంచి ఒక 45 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి కుర్చీలో, బల్లో రెండు ఉండాలి. పాత పడక కుర్చీ చూడ్డానికి బాగుంటుంది కానీ, అందులోంచి లేవడానికి పెద్దవాళ్లకు ఒకరు చెయ్యందించాలి.

ఒమాన్ పాత ఇళ్లలో, కోటల్లో గోడలోనే గూళ్లు కనిపిస్తాయి. పదిహేడో శతాబ్దంలో కట్టిన జబ్రీన్ కోటకు వెళ్లినవాళ్లు పుస్తకాలు, పాత్రలు పెట్టుకునే ఆ గూళ్లు, రంగుల చెక్క పైకప్పులు చూసే ఉంటారు. మన పాత ఇంటి దీపపు గూడుకు అవి అన్నదమ్ములే. మీ విల్లాలో గూడుంటే జిప్సం బోర్డుతో మూయించకండి. దేవుడి పటాలకో, ఇత్తడి చెంబులకో అంతకన్నా మంచి చోటు కొనలేం.

చెక్క విషయంలో ఇంకో దగ్గరి చుట్టరికం ఉంది. ఇక్కడి పాత కోటల తలుపులకూ, సూర్‌లో కట్టిన పడవలకూ టేకు మన మలబారు తీరం నుంచే వచ్చేది. ఇత్తడి మేకులు, రేకులు తాపడం చేసిన మందూస్ పెట్టెల్లోనూ చాలావాటి చెక్క, కొన్నిసార్లు పెట్టె మొత్తమూ, ఇండియా నుంచి ఓడెక్కినవే. మస్కట్‌లో బైత్ అల్ జుబేర్ మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్లి మందూస్‌ను చూపిస్తే, మన భోషాణం దానికి పెద్దక్కలా ఉందని వాళ్లే అంటారు. ముత్రా సూక్‌లో కొత్తగా చేసిన మందూస్‌లు అమ్ముతారు. ఊరి నుంచి భోషాణం తెచ్చే వీలు లేనివాళ్లు హాల్లో ఒక మందూస్ పెట్టుకుని మీద ఏటికొప్పాక బొమ్మలు పేర్చుకున్నా, ఆ రెండూ ఒకే ఇంటివిగా కలిసిపోతాయి.

చెక్కకు ఇక్కడ అసలు పరీక్ష ఏసీ

చెక్క చచ్చిన వస్తువు కాదు. చుట్టూ గాలిలో తేమ పెరిగితే పీల్చుకుని ఉబ్బుతుంది, తగ్గితే వదిలేసి కుంచించుకుంటుంది. గాలిలో తేమ 80 శాతం ఉన్నచోట చెక్కలో నీరు దాని ఎండు బరువులో సుమారు 16 శాతానికి చేరుతుంది. తేమ 50 శాతం ఉంటే 9 శాతం దగ్గర, 30 శాతానికి పడిపోతే 6 శాతం దగ్గర ఆగుతుంది. కాకినాడలోనో మచిలీపట్నంలోనో డెబ్బై ఏళ్లు సముద్రపు గాలికి అలవాటుపడిన టేకు పలకను తెచ్చి ఇక్కడ పగలూ రాత్రీ ఏసీ నడిచే గదిలో పెట్టామంటే దానిలోని నీరు ఒక అయిదు శాతం దాకా తగ్గుతుంది. అరవై సెంటీమీటర్ల వెడల్పు పలక అయితే, కోసిన తీరును బట్టి మూడు నుంచి అయిదున్నర మిల్లీమీటర్ల దాకా కుంచించుకుంటుంది. పొడవులో మాత్రం దాదాపు ఏ మార్పూ ఉండదు. టేకు కాబట్టి ఈమాత్రంతో సరిపెడుతుంది. చాలా చెక్కలు ఇంతకన్నా ఎక్కువే కదులుతాయి.

మన పాత వడ్రంగులకు ఇది బాగా తెలుసు. అందుకే వాళ్లు భోషాణం మూతనో, బీరువా తలుపునో ఒకే చదును పలకతో కాకుండా చట్రం కట్టి, ఆ చట్రానికి లోపల గాడి తీసి, పలకను ఆ గాడిలో వదులుగా కూర్చోబెట్టేవారు. పలక ఉబ్బినా తగ్గినా గాడిలోపలే జరుగుతుంది, పైకి పగులు రాదు. ఇక్కడికొచ్చిన కొన్ని నెలలకు ఆ పలక పక్కన సన్నటి సందు, రంగు పడని ఒక గీత కనిపిస్తాయి. కంగారుపడి మబేలా పారిశ్రామికవాడ నుంచి వడ్రంగిని పిలిపించి ఆ సందులో జిగురు, లప్పం పెట్టించారంటే, అప్పుడే పలక నడిమధ్యన పగులుతుంది. జరగడానికి చోటు లేక దానికదే చీలుతుంది. పిలిచిన మనిషికి 'పలకకు జిగురు వద్దు, చట్రం కీళ్లకు మాత్రమే' అని హిందీలో చెప్పగలిగితే చాలు. వాళ్లలో చాలామందికి హిందీ వస్తుంది.

పాలిష్ పెట్టించేటప్పుడు ఇంకో సంగతి. పైన మాత్రమే మందంగా పాలిష్ వేసి అడుగున, లోపల ఖాళీగా వదిలేస్తే ఒకవైపు తేమ ఆడుతుంది, రెండోవైపు ఆడదు. పలక దొన్నెలా వంగుతుంది. పాలిష్ వేస్తే రెండు వైపులా వేయాలి. లేదంటే అసలు వేయకుండా నూనెతోనో మైనంతోనో తుడుచుకోవాలి. నాకు రెండోదే ఇష్టం. పాత టేకు మీద మెరిసే పాలిష్ చూస్తే పెద్దావిడకు లిప్‌స్టిక్ వేసినట్టనిపిస్తుంది.

పెట్టే చోటు గురించి చెప్పాలంటే: స్ప్లిట్ ఏసీ గాలి తిన్నగా తగిలేచోట పాత చెక్క వద్దు. పడమటి కిటికీ ఎండ పడేచోటా వద్దు. వచ్చిన మొదటి నెలా రెండు నెలలు ఏసీ తక్కువ వాడే గదిలో, మెట్ల కింద జాగాలో ఉంచి, తర్వాత హాల్లోకి మార్చండి. మార్పు మెల్లగా జరిగితే చెక్క సర్దుకుంటుంది. ఇక్కడ వేసవిలో ఏసీ ఆపడమన్న మాటే ఉండదు. 2018 జూన్‌లో మస్కట్ దక్షిణాన ఖురయ్యాత్‌లో ఒక రోజంతటిలో కనిష్ఠ ఉష్ణోగ్రతే 42.6 డిగ్రీలుగా నమోదై ప్రపంచమంతా వార్త అయింది. సముద్రం నుంచి గాలి వీస్తే చొక్కా తడిసిపోయే తేమ, ఎడారి వైపు నుంచి వీస్తే పెదవులు పగిలే పొడి. చెక్కకు ఈ రెండూ వారం తేడాలో తగలకుండా కాపాడేది మూసిన కిటికీ ఒక్కటే. సాయంత్రం చల్లగా ఉందని ఏసీ నడుస్తుండగానే కిటికీలు తీసే అలవాటు వద్దు. చల్లటి మజ్జిగ గ్లాసు బయట నీళ్లు పట్టినట్టే, బయటి తడిగాలి చల్లబడిన గోడలకు తగిలి నీరవుతుంది. బీరువా వెనక నల్లటి బూజు అలాగే మొదలవుతుంది. బరువైన సామాను ఏదైనా గోడకు రెండంగుళాలు ఎడంగా ఉండాలి.

కొత్త సామాను కొనేటప్పుడూ ఇదే లెక్క పనిచేస్తుంది. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ సామాను చవక, తేలిక, ఇల్లు మారినప్పుడు బాధ లేదు. కానీ వాటికి నీళ్లంటే పడదు. ఒకసారి ఉబ్బిన బోర్డు మళ్లీ అణగదు. 2007 జూన్‌లో గోను తుపాను, 2021 అక్టోబరులో షాహీన్ తుపాను వచ్చినప్పుడు మస్కట్ ప్రాంతంలో ఎన్ని ఇళ్లలోకి నీళ్లొచ్చాయో ఇక్కడ పాతగా ఉన్నవాళ్లకు గుర్తే. అల్ హైల్ నార్త్ సముద్రాన్ని ఆనుకుని ఉంది. కింది అంతస్తులో ఉండేవాళ్లు నేలకు ఆనించి కూర్చునే బోర్డు అల్మరాలకన్నా కాళ్లున్న సామాను ఎంచుకోవడం మంచిది. పాత పందిరి మంచం కాళ్ల కింద పెట్టే రాతి దిమ్మలు చీమల కోసమే అనుకుంటాం కానీ, అవి నేల తడినుంచి కూడా కాపాడతాయి.

ఉయ్యాల బల్ల తొందరపడి వేలాడదీయకండి

మన ఇళ్లలో అందరికీ మోజున్న వస్తువు ఇదే. ఎత్తయిన పైకప్పు కనబడగానే గొలుసులు తగిలించాలనిపిస్తుంది. పాత విల్లాలో ఇది చాలా జాగ్రత్తగా ఆలోచించవలసిన పని. గల్ఫ్ తీరంలో పాత కాంక్రీటుకు పెద్ద శత్రువు ఉప్పు. సముద్రపు గాలిలోని ఉప్పు ఏళ్ల తరబడి లోపలికి దిగుతుంది. పాత రోజుల్లో కొన్నిచోట్ల ఇసుకలో, నీళ్లలో కూడా ఉప్పుండేది. క్లోరైడ్ ఇనుప చువ్వదాకా చేరితే చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కింద కాంక్రీటు పెచ్చు ఊడుతుంది. స్లాబు అడుగున చువ్వల వెంబడి తిన్నగా పగుళ్లున్నా, గోధుమరంగు మరకలున్నా, కర్ర చివరతో తడితే డొల్ల చప్పుడు వినిపించినా అక్కడ కొక్కెం దింపకూడదు. ఫాల్స్ సీలింగ్ వేసిన గదిలోనైతే ఆ మరకలు కనిపించే వీలు కూడా ఉండదు. ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుంటే నూట యాభై కిలోలు. ఊగేటప్పుడు, పిల్లలు ఎగిరి కూర్చునేటప్పుడు గొలుసు మీద పడే లాగుడు దానికి రెట్టింపు దాకా పోవచ్చు. కింద ఆడుకునేది మన పిల్లలే.

అద్దె ఇంట్లో స్లాబుకు బెజ్జం వేయాలంటే ఎలాగూ ఇంటి యజమాని ఒప్పుకోవాలి, అది రాతపూర్వకంగా ఉండాలి. ఈ తలనొప్పంతా లేకుండా నాలుగు కాళ్ల ఇనుప స్టాండు చేయించి, పాత బల్లను, ఇత్తడి గొలుసులను దానికి తగిలించడం మేలు. స్టాండుకు మంచి పౌడర్ కోటింగ్ వేయించండి, మామూలు రంగు వేస్తే సముద్రపు గాలికి ఏడాదిలో తుప్పు తేలుతుంది. మా అత్తయ్యగారికి ఈ స్టాండు పద్ధతి అస్సలు నచ్చదు, దూలానికి వేలాడని ఉయ్యాల ఉయ్యాలేనా అంటారు. మజ్లిస్ నుంచి వరండాలోకి దాన్ని జరుపుకోవచ్చని తెలిశాక మాత్రం సాయంత్రం కాఫీ ఆవిడకు అక్కడే.

పాత ఉయ్యాల తొట్టి, రంగు వేసిన పిల్లల కుర్చీ లాంటివి తెచ్చేవాళ్లు ఇంకొకటి ఆలోచించాలి. పాత రంగుల్లో సీసం ఎక్కువగా వాడేవారు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన ఇండియాలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. పెచ్చులూడే పాత రంగును ఇంట్లో గరుకు కాగితంతో రుద్దితే ఆ ధూళి పిల్లల ఒంట్లోకి పోతుంది. అలాంటి తొట్టిని పిల్లలకు అందని చోట పెట్టి అందులో దిండ్లో, పుస్తకాలో వేసుకోండి. బిడ్డను మాత్రం వేయకండి.

బట్ట, ఇత్తడి, లక్క

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి కలంకారీ బట్టలు పర్షియాకు వెళ్లేవి. కలంకారీ అన్న మాటే పర్షియన్. అందుకే కాబోలు, తెల్ల సున్నం గోడ, కమాను కిటికీ ఉన్న ఇక్కడి గదిలో అది అంత చక్కగా ఇముడుతుంది. పెడనలో అచ్చులతో వేసినదైనా, శ్రీకాళహస్తిలో కలంతో గీసినదైనా, అసలు సహజ రంగులవాటికి ఎండ పడదు. ముందుగా వెలిసేది పసుపు రంగు. ఆకుపచ్చ అనుకున్నది కొన్నాళ్లకు నీలంగా కనిపిస్తే కారణం అదే, పైన వేసిన పసుపు ఎగిరిపోయి ఉంటుంది. కిటికీ ఎదుటి గోడకు కాకుండా కిటికీ ఉన్న గోడకే పక్కగా వేలాడదీయండి. తెరలకు మామూలు మిల్లు బట్ట వాడి, కలంకారీని లోపలి గోడలకు, దిండ్లకు ఉంచుకోవడం తెలివైన పని.

ఇత్తడి, రాగి ఇక్కడ ఊళ్లోకన్నా తొందరగా నల్లబడతాయి. చింతపండుతో తోమడంలో తప్పు లేదు, ఆ పుల్లదనమే మకిలిని కరిగిస్తుంది. తర్వాత మంచినీళ్లతో కడిగి పూర్తిగా తుడిచి ఆరబెట్టాలి, ఉప్పు గాలిలో తడిగా వదిలితే మర్నాటికే మచ్చలు. అద్దాలు తుడిచే అమోనియా ద్రవాలు ఇత్తడికి అసలు తగలనివ్వకండి. సాగగొట్టి చేసిన పాత ఇత్తడి అమోనియాకు సన్నగా చీలుతుంది. పెంబర్తి పనివాళ్లు చేసిన రేకు పనికి ఇది మరీ ముఖ్యం. అలంకారానికి పెట్టిన గుండిగలో ఎప్పుడైనా పులుసు కాయాలనిపిస్తే, లోపల కళాయి చెక్కుచెదరకుండా ఉంటేనే.

ఏటికొప్పాక బొమ్మల మీది లక్క వేడికి మెత్తబడుతుంది. వేసవిలో కారు డ్యాష్‌బోర్డు మీద, ఎండ పడే కిటికీ గట్టు మీద వాటిని పెట్టకూడదు. మే నెలలో కంటైనర్‌లో పంపించకండి, వస్తే చేతిపెట్టెలో తెచ్చుకోండి.

ఓడెక్కించే ముందు

ఇండియాలో 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండాలను, పనితనం ఉన్న వస్తువులను దేశం దాటించడం మామూలు మనుషులకు నిషేధం. రాతప్రతులకైతే డెబ్బై అయిదేళ్లే. భవనం నుంచి ఊడదీసిన భాగాలు కూడా ఈ నిర్వచనంలో ఉన్నాయి. అంటే తాతగారి ఇంటి చెక్కుడు తలుపులు, స్తంభాలు కూడా ఇందులోకి రావచ్చు. మీ వస్తువు అంత పాతది కాకపోయినా చూడ్డానికి పాతగా ఉంటే కస్టమ్స్‌లో ఆగుతుంది. ఆర్కియలాజికల్ సర్వే కార్యాలయంలో ఫొటోలతో దరఖాస్తు చేసి, అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. ఇల్లు కూలగొట్టే వారంలో ఈ పని కాదు. కాబట్టి ముందు సామానును చుట్టాల ఇంట్లో భద్రపరచి, తర్వాత పత్రం సంగతి చూసుకోండి. నిజంగా వందేళ్లు దాటినదైతే అది అక్కడే, ఇంట్లో ఎవరో ఒకరి దగ్గర ఉండాలి. కారైకుడి లాంటి చోట్ల పాత తలుపులు కొని పంపిద్దామనుకునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

చెక్క ఏదో కూడా తెలుసుకోండి. రోజ్‌వుడ్ జాతులన్నీ 2017 జనవరి నుంచి సైటిస్ ఒప్పందం జాబితాలో ఉన్నాయి, కాగితాలు లేకుండా సరిహద్దు దాటవు. ఎర్రచందనం వస్తువు జోలికే వెళ్లవద్దు. టేకు, మామిడి, వేప, పనస అయితే ఈ గొడవ లేదు. పురుగు మాత్రం చూసుకోవాలి. కాళ్ల దగ్గర గుండుసూది బెజ్జాలుంటే కింద తెల్ల కాగితం పరిచి రెండు వారాలు వదిలేయండి. కాగితం మీద మెత్తటి పొడి రాలితే పురుగు ఇంకా బతికే ఉన్నట్టు, ఫ్యూమిగేషన్ చేయించాకే పంపాలి. ప్యాకింగ్ చెక్కపెట్టెకు కూడా అంతర్జాతీయ ముద్ర ఉండాలి, అది ప్యాకర్లే చూసుకుంటారు, అడిగి నిర్ధారించుకోండి.

కొద్ది సామానైతే ఓడ ఖర్చు బరువును బట్టి కాకుండా అది ఆక్రమించే ఘనపు మీటర్లను బట్టి వేస్తారు. పందిరి మంచాన్ని విప్పితే నాలుగు స్తంభాలు, నాలుగు పట్టెలు, బల్లలు. కీళ్లకు పెన్సిల్‌తో అంకెలు వేసి ఫొటోలు తీసి విప్పించండి. భోషాణం విప్పడానికి రాదు కానీ లోపల ఖాళీ ఉంటుంది. ఇత్తడి సామాను, జంపఖానాలు అందులోనే సర్దేయవచ్చు. 2014 నుంచి మస్కట్‌కు వచ్చే సరుకు ఓడలు సోహార్ రేవుకు వెళ్తున్నాయి. అక్కడినుంచి అల్ హైల్ దాకా లారీ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి. పాత దీపపు స్తంభాలకో, లాంతర్లకో ఊళ్లోనే కరెంటు తీగ వేయించి తెచ్చేవాళ్లు ఇక్కడి సాకెట్లకు మూడు చదును పిన్నులుంటాయని గుర్తుంచుకుని ప్లగ్గు మార్పించండి. వోల్టేజికి ఇబ్బంది లేదు.

ఇక జులై, ఆగస్టుల్లో ఇల్లు తాళం వేసి ఊరెళ్లేవాళ్ల సంగతి. రెండు నెలలు ఏసీ పూర్తిగా ఆపేస్తే తేమకు భోషాణం లోపల పట్టుచీరలకూ తోలు చెప్పులకూ బూజు పడుతుంది. హాల్లో ఒక ఏసీని 28 డిగ్రీల దగ్గరో, డ్రై మోడ్‌లోనో వదిలి వెళ్లండి. బీరువా తలుపులు, భోషాణం మూత కాస్త తెరిచి మధ్యలో చిన్న చెక్కముక్క ఇరికించండి. జంపఖానాలు చుట్టి నిలబెట్టి, నేలకు తగలకుండా ఏదైనా బల్లమీద ఉంచండి. తాళం చెవి ఒకటి పక్కింటివాళ్లకిచ్చి, పదిరోజులకోసారి వచ్చి ఏసీ నడుస్తోందో లేదో, దాని కింద నీళ్లు కారుతున్నాయేమో చూడమని చెప్పండి.